చూడని కారునకు బయానా

సంతలో ఎద్దును కొనదలచిన రైతు మొదట దాని పండ్లను లెక్కించును. నాలుగడుగులు నడిపించి చూచును. కాడి కట్టి బలమును పరీక్షించును. అటుపిమ్మటనే మొలలోని రూకలు తీయును. గేదెను నీళ్లలో ఉంచి బేరమాడరాదని పెద్దలు చెప్పిన మాటకు అర్థమిదియే. కాని వస్తువును కన్నులార చూడకయే, అది ఎన్నడు చేతికి వచ్చునో ఎరుగకయే, లక్షలాది జనులు సొమ్ము చెల్లించిన వింత యొకటి మన కాలమున జరిగినది. అట్లు చెల్లించినవారు అమాయకులు కారు. చదువుకొన్నవారు, లోకము తెలిసినవారు. వారిని ప్రేరేపించినది ఏమి? తుదకు వారికి లభించినది ఏమి? ఇది విచారింపదగిన విషయము.

విద్యుచ్ఛక్తితో నడచు కారు క్రొత్తది కాదు. 1900 ప్రాంతమున అమెరికా నగరవీథులలో అట్టి కార్లు చాల తిరిగినవి. కాని బ్యాటరీ బరువు ఎక్కువ, అందులో నిలువయుండు శక్తి తక్కువ. అందువలన పెట్రోలు కారు దానిని వెనుకకు నెట్టినది. లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చిన తరువాత విద్యుత్ కారునకు మరల ప్రాణము వచ్చెను. 2010లో నిస్సాన్ కంపెనీ విక్రయించిన లీఫ్ అను కారు ధర ఒక మోస్తరుదే గాని, ఒకసారి బ్యాటరీ నింపినచో అమెరికా ప్రభుత్వపు లెక్క ప్రకారము సుమారు 117 కిలోమీటర్లు మాత్రమే నడచెడిది. 2012లో టెస్లా కంపెనీ తెచ్చిన మోడల్ ఎస్ చాల దూరము పోగలదు. కాని అది ధనికుల వాహనము. దూరము పోగలిగి, మధ్యతరగతివారికి అందుబాటులో నుండు కారు ఎవ్వరివద్దను లేదు. పొగ వదలని బండి కావలెనను కోరిక జనులలో ఉన్నది. కొనగల బండి మాత్రము లేదు.

ఇట్టి సమయమున టెస్లా కంపెనీ మోడల్ 3 అను కారును ప్రకటించినది. ధర 35,000 డాలర్లు, అనగా నాటి లెక్కను సుమారు 23 లక్షల రూపాయలు. ఒకసారి బ్యాటరీ నింపినచో 215 మైళ్లు, అనగా 346 కిలోమీటర్లు నడచునని చెప్పిరి. 1,000 డాలర్లు ముందుగా చెల్లించినవారికి వరుసలో స్థానము లభించును. 2016 మార్చి 31వ తేదీ రాత్రి కాలిఫోర్నియాలోని హాథార్న్ నగరమున కారును ప్రదర్శించిరి. కాని ఆ ఉదయముననే అనేక దేశములలో కంపెనీ దుకాణముల ముందు జనులు బారులు తీరి నిలిచిరి. కారుపై నున్న తెర ఇంకను తొలగలేదు. అప్పటికే 1,15,000 మంది సొమ్ము కట్టియుండిరి! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇచట జ్ఞప్తికి రాక మానదు. 24 గంటలలో ఆ సంఖ్య 1,80,000 ఆయెను. వారము తిరుగకముందే 3,25,000 దాటెను. అంతకుముందు సంవత్సరము ఆ కంపెనీ కొనుగోలుదారులకు అందజేసిన కార్లన్నియు కలిపి 50,000కు కొంచెము మించినవి. అనగా ఆరు సంవత్సరముల పనికి మించిన కోరిక ఒక్క వారములో వచ్చి పడినదన్నమాట.

ఉత్సాహము కొంత చల్లారిన పిమ్మట వివేకవంతులైన కొనుగోలుదారులు ప్రశ్నలు వేయసాగిరి. కారు ఎప్పుడు వచ్చును? చెప్పిన ధరకే వచ్చునా? ప్రభుత్వ మిచ్చు పన్ను తగ్గింపు అప్పటికి మిగిలియుండునా? కంపెనీ దివాలా తీసినచో కట్టిన సొమ్ము గతి ఏమి?

ఈ ప్రశ్నలకు మూలము ఒప్పందపత్రములోనే కలదు. మన ప్రాంతమున బయానా యనియు, పూర్వులు సంచకరువనియు చెప్పు పద్ధతిలో ఇరువురికిని కట్టుబాటుండును. కొనువాడు వెనుదీసినచో బయానా పోవును. అమ్మువాడు మాత్రము చెప్పిన ధర పెంచుటకు వీలులేదు. మోడల్ 3 ఒప్పందము అట్టిది కాదు. కొనువాడు మనసు మార్చుకొన్నచో సొమ్ము తిరిగి పొందవచ్చును. ఇది అతనికి మేలు. కాని అది విక్రయపత్రము కాదనియు, ధరగాని తేదీగాని దానివలన స్థిరపడదనియు అందులోనే వ్రాసియున్నది. ఆ సొమ్మును వేరుగా భద్రపరుపమనియు, వడ్డీ ఇయ్యమనియు కూడ వ్రాసియున్నది. 3,25,000 మంది ఒక్కొక్కరు 1,000 డాలర్లు చెల్లించినచో మొత్తము 32 కోట్ల 50 లక్షల డాలర్లు. అంత ధనము వడ్డీ లేకుండ కంపెనీ చేతికి వచ్చినది. బారులు తీరినవారిలో ఆ పత్రమును తుదివరకు చదివినవారు ఎందరో!

2017 జులై 28న మొదటి 30 కార్లను వాటి యజమానులకు అప్పగించిరి. రాబోవు నెలలు తయారీ నరకమువలె నుండునని కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ ఆనాడే హెచ్చరించెను. ఆ మాట నిజమాయెను. జులై నుండి సెప్టెంబరు వరకు 1,500 కార్లు తయారు చేయవలెనని తలచిరి. తయారైనవి 260 మాత్రమే. ఆ సంవత్సరాంతమునకు వారమునకు 5,000 కార్లన్న లక్ష్యము 2018 జూన్ తుదకు గాని నెరవేరలేదు. అందుకొరకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారపు ఆవరణలో పెద్ద గుడారము వేసి, అందులో మరియొక వరుసను నడపవలసి వచ్చినది.

ఆలస్యమునకు ఒక కారణము యంత్రములయందలి మితిమీరిన నమ్మకము. బ్యాటరీ పెట్టెపై దూదివంటి మెత్తని గాజునార పరుపులు పరచుటకు ఒక మరమనిషిని నియమించిరి. గట్టి లోహమును చులకనగా ఎత్తు ఆ యంత్రము మెత్తని పరుపును పట్టుకొనలేకపోయెను. పని మాటిమాటికి నిలిచిపోయెను. తుదకు, ఆ పరుపు అసలు అవసరమా యని పరీక్షించి చూచిరి. అది లేకున్నను కారులో చప్పుడు పెరుగలేదు. పరుపును, దానిని పరచు యంత్రమును రెండింటిని తీసివేసిరి. మనుష్యుల నేర్పును తక్కువగా అంచనా వేసితిమని మస్క్ 2018లో బహిరంగముగా అంగీకరించెను.

ఇక ధర సంగతి. మొదట వెలువడిన కార్లు పెద్ద బ్యాటరీయు, అదనపు సౌకర్యములును గలవి. వాటి వెల 49,000 డాలర్లు. 35,000 డాలర్ల కారు కొరకే వేచియున్నవారు 2019 ఫిబ్రవరి 28 వరకు ఆగవలసి వచ్చెను. ఈలోపున పన్ను తగ్గింపు కరగిపోయెను. అమెరికా చట్టము ప్రకారము విద్యుత్ కారు కొన్నవారికి ఆదాయపు పన్నులో 7,500 డాలర్ల వరకు తగ్గింపు లభించెడిది. కాని ఒక కంపెనీ ఆ దేశమున 2,00,000 కార్లు అమ్మిన కొంతకాలమునకు ఆ తగ్గింపు క్రమముగా క్షీణించును. టెస్లా 2018 జులైలో ఆ సంఖ్యను చేరినది; 2019 జనవరి నుండి తగ్గింపు 3,750 డాలర్లాయెను. కనుక 27,500 డాలర్లకు కారు వచ్చునని 2016లో లెక్క కట్టుకొన్న గృహస్థునకు అది 31,250 డాలర్లు పడినది. కొలది వారములలోనే ఆ చౌక రకము కంపెనీ ఇంటర్నెట్ పట్టికనుండి కూడ తొలగింపబడెను. ఫోనులోగాని దుకాణములోగాని అడిగినవారికి మాత్రమే అది లభించెను.

భారతీయుల అనుభవము ఇంకను చిత్రమైనది. 2016లో మన దేశమునుండి కూడ కొందరు 1,000 డాలర్లు, అనగా నాటి లెక్కను సుమారు 66 వేల రూపాయలు చెల్లించిరి. సంవత్సరములు గడచెను, కారు రాలేదు. మొదటి తరపు మోడల్ 3 తయారీ నిలిచిపోయినదనియు, బయానాలు తిరిగి ఇచ్చుచున్నామనియు 2025 మే నెలలో వారికి లేఖలు వచ్చినవి. ఆ జులైలో ముంబయిలో తొలి దుకాణము తెరచినప్పుడు అచట అమ్మకమునకు పెట్టినది మోడల్ వై అను వేరొక కారు. దిగుమతి సుంకములతో కూడి దాని ధర సుమారు 60 లక్షల రూపాయలు.

మన దేశమునను ఇట్టి ఉత్సాహము పెట్రోలు కారు విషయమున ఒకసారి కనబడినది. 2009 ఏప్రిల్‌లో టాటా నానో కొరకు రెండు లక్షలకు పైగా జనులు ముందుగా సొమ్ము చెల్లించిరి. అందులో మొదటి లక్షమందిని కంప్యూటరు ద్వారా చీట్లు తీసి ఎన్నుకొనిరి. అయితే నానో రూపమును జనులు 2008 జనవరిలోనే ఢిల్లీ ప్రదర్శనమున చూచియుండిరి.

ఇంతమాత్రమున ముందుగా సొమ్ము కట్టినవారందరు మోసపోయిరని చెప్పుట న్యాయము కాదు. ఆలస్యమైనను కారు వచ్చినది. చెప్పిన దూరము నడచినది. 2021లో ప్రపంచమునందు పది లక్షల అమ్మకములు దాటిన మొదటి విద్యుత్ కారుగా మోడల్ 3 పేరొందినది. అట్టి కారునకు గిరాకీ లేదని సందేహించినవారికి ఆ బారులే సమాధానమిచ్చినవి. అయినను, జనరల్ మోటార్స్ వారి బోల్ట్ అను విద్యుత్ కారు ఇంచుమించు అదే ధరకు, 383 కిలోమీటర్ల నడకతో 2016 డిసెంబరులోనే అమెరికాలో అమ్మకమునకు వచ్చినదని మరువరాదు. దానికొరకు ఎవ్వరును రాత్రులు మేలుకొని వరుసలో నిలువలేదు. కనుక జనులు కొన్నది కారును మాత్రమే కాదు; ఒక ఆశను కూడ. ఆశకు వెల కట్టుట తప్పు కాదు. ఆ వెల ఎంతయో, తిరిగి రాగలదో లేదో తెలిసికొనకుండుట తప్పు.

క్రొత్త వస్తువు వచ్చినప్పుడు ఉత్సాహము లేనిచో లోకము ముందుకు సాగదు. ప్రశ్న లేనిచో ఇంటి సొమ్ము నిలువదు. ఎద్దు పండ్లను లెక్కించు రైతు ఎద్దును ద్వేషించువాడు కాడు. దానితో పదికాలములు సేద్యము చేయదలచినవాడు. కారు కొనువానికిని ఆ రైతు చూపే తగినది. పండ్లు లెక్కించుటకు వీలులేని చోట పత్రములోని పంక్తులనైనను లెక్కింపవలెను.