చెమ్మ వేరు, తడి వేరు

పిల్లలూ, ఈ పాఠం ఒక తప్పుతో మొదలవుతుంది. ఆ తప్పు మాదే.

కొన్నేళ్ల కిందట అస్సాంలో పనిచేస్తున్నప్పుడు బడి తోటలో, కుళాయి దగ్గర, జానెడు పొడవున్న పాముపిల్ల ఒకటి కనిపించింది. ఏడో తరగతి కుర్రాడొకడు మేం వద్దనేలోపే దాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి మూత పెట్టేశాడు. (మీరు ఆ పని చేయకండి. అది విషపు పామో కాదో చూసి చెప్పడం పెద్దవాళ్లకే కష్టం.) అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేశాం. వాళ్లు వచ్చేదాకా డబ్బాను కిటికీలో పెట్టమన్నాం. మూతకు నాలుగు చిల్లులున్నాయి, గాలి ఆడుతుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ రోజు ఎండ కూడా పెద్దగా లేదు. రెండు పీరియడ్లయ్యాక వెళ్లి చూస్తే పాముపిల్ల చచ్చిపోయి ఉంది. డబ్బాను ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"ఆకలితో పోయిందా సార్?" అని అడిగాడు ఆ కుర్రాడు. కాదు. పాములు వారాల తరబడి తినకుండా ఉండగలవు. పక్కకు జరిగి తలదాచుకోవడానికి అరచేతి మందం నీడ లేక పోయింది.

మన ఒంటి వేడి ఎండాకాలమైనా చలికాలమైనా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. వేడెక్కితే చెమట పడుతుంది, చలేస్తే వణుకుతాం. పాముకు చెమట లేదు. దానికున్న ఉపాయం ఒక్కటే, జరగడం. చల్లబడితే ఎండలోకి, వేడెక్కితే నీడలోకి. అందుకే దాన్ని పెట్టెలో పెట్టినవాడు దాని కాళ్లు విరగ్గొట్టినట్టే. (పాముకు కాళ్లేమిటని మీలో ఎవరో నవ్వుతారని తెలుసు.)

మన దేశపు పాముల్ని పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వీడియోల్లో మీరు చూసే పెంపుడు పాము చాలావరకు ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్. దాన్ని ఉంచుకున్నవాళ్లు కూడా 2024లో వచ్చిన నియమాల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పెంచమని చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే దాని ఇంటి లెక్క తెలుసుకుంటే, మన పుట్టల్లోని పాములు ఏం చేస్తాయో కూడా అర్థమవుతుంది. ఎందుకంటే అదీ అక్కడ చెదపుట్టల్లో, ఎలుక బొరియల్లో ఉండేదే.

బాల్ పైథాన్ పెట్టెలో ఒక కొస 31, 32 డిగ్రీలు ఉండాలి, రెండో కొస 25, 26. ఈ మాట చెప్పగానే తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "సగటున 28 పెట్టేస్తే సరిపోదా సార్?" సరిపోదు. తిన్నది అరగడానికి దానికి వేడి కావాలి. ఆ వేడి దొరక్కపోతే మింగిన ఎలుకను కక్కేసే ప్రమాదముంది. అరిగాక చల్లని చోటు కావాలి. ఎప్పుడు ఏది కావాలో దానికి తెలుసు, మనకు తెలియదు. అంతటా 28 పెడితే దానికి రెండూ లేకుండా చేసినట్టే. ఇంకో సంగతి. దాక్కునే గూడు రెండు కొసల్లోనూ ఉండాలి. ఒకవైపే ఉంటే, పిరికి పాము వేడి సంగతి వదిలేసి గూటినే పట్టుకు కూర్చుంటుంది.

వేడి కోసం అడుగున హీటింగ్ మ్యాట్ పెడతారు. దానికి థర్మోస్టాట్ లేకపోతే అది కాలిపోతూనే ఉంటుంది, పాము పొట్ట కూడా కాలుతుంది. థర్మామీటర్లు రెండు కావాలి, కొసకొకటి. వాటిని పాము పడుకునే నేల మట్టంలో పెట్టాలి, పైన గోడకు కాదు. చలి దేశాల వాళ్లు రాసిన పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఈ వేడి చేయడం గురించే ఉంటాయి. మన మే నెలలో గదే 40 డిగ్రీలుంటే పెట్టెలో చల్లని కొస ఎక్కణ్నుంచి వస్తుంది? మ్యాట్ తీసేసినంత మాత్రాన పెట్టె గదికన్నా చల్లబడదు. గదినే చల్లబరచాలి. అది చేయలేని ఇంట్లో పాము ఉండకూడదని మా అభిప్రాయం.

ఇక తేమ. ఇక్కడ తెలుగు మనకు బాగా పనికొస్తుంది. తడి, చెమ్మ, ఉక్క అని మూడు మాటలున్నాయి మనకు. బట్ట పిండితే నీళ్లు కారేది తడి. కుండ కింది ఇసుకలో చెయ్యి పెడితే తగిలేది చెమ్మ. గాలి ఆడక ఒళ్లు జిడ్డుగా అయ్యేది ఉక్క. పాముకు కావలసింది చెమ్మ. మిగతా రెండూ దానికి రోగాలు.

గాలిలోని తేమను శాతాల్లో చెబుతారు. బాల్ పైథాన్‌కు 55 నుంచి 65 శాతం దాకా ఉంటే బాగుంటుంది. కాని ఈ శాతం వేడితో మారిపోతుంది. ఒక ఘనమీటరు గాలి 24 డిగ్రీల దగ్గర సుమారు 22 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 32 డిగ్రీల దగ్గర సుమారు 34 గ్రాములు. ఆ గాలిలో ఉన్నది 15 గ్రాములనుకోండి. 24 దగ్గర అది 68 శాతం. అదే గాలిని 32కు వేడి చేస్తే 44 శాతం. ఒక్క చుక్క నీరు పోలేదు, గాలి గిన్నె పెద్దదైంది, అంతే. అందుకే మీటరును వెచ్చని కొసన చూసి "ఎండిపోతోంది" అని కంగారుపడి నీళ్లు చల్లితే, చల్లని కొసన నేల తడిసి ముద్దవుతుంది. ఆ తడిలో పడుకున్న పాముకు పొట్ట కింది పొలుసులు పుండ్లు పడతాయి. తేమ పోకుండా గాలి కంతలు మూసేస్తే ఉక్క పుడుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీసే పామును వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

తేమ లెక్క తప్పిందని మొదట చెప్పేది కుబుసం. కుబుసం విడిచే ముందు పాము కళ్లు పాలనీలం రంగుకు తిరుగుతాయి. కొద్ది రోజులకు మళ్లీ తేటబడతాయి. ఆ తరువాత మూతిని గరుకు రాయికి రుద్ది, మేజోడు తిరగేసి విడిచినట్టు ఒక్క ముక్కగా విడిచేస్తుంది. గాలి పొడిగా ఉంటే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. తోక చివర ఉంగరంలా మిగిలిపోయిన ముక్క బిగుసుకుని రక్తం ఆడనివ్వదు, తోక కొన ఎండి రాలిపోతుంది. పాముకు కనురెప్పలు లేవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది. అదీ కుబుసంతో పాటు ఊడాలి. ఊడకపోతే గోటితో గీకకూడదు, కన్నే పోతుంది. తరువాత రాజస్థాన్ ఎడారి వైపు బదిలీ అయినప్పుడు మా పెదవులే పగిలి రక్తం కారేవి. అక్కడ బాల్ పైథాన్ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. మందు చాలా చవక: మూతకు కంత పెట్టిన చిన్న డబ్బాలో తడిపి గట్టిగా పిండిన కొబ్బరిపీచు. కావాలంటే దూరుతుంది, వద్దంటే బయటికొస్తుంది.

ఈ లెక్కంతా మీటర్లు లేకుండా చేసేవాళ్లను చెన్నై దగ్గర పనిచేసినప్పుడు చూశాం. వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం ఉంది. విషానికి విరుగుడు మందు తయారుచేయడానికి కావలసిన విషం వాళ్లు తీసి ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటినీ ఉంచేది మట్టికుండల్లోనే. మూతికి గుడ్డతో వాసెన కడతారు. మందపాటి మట్టి, పైన పాక నీడ, కుండలో ఇసుక, గాలి ఆడే గుడ్డ. మా పిల్లల్లో ఒకమ్మాయి మీటరు ఎక్కడుందా అని కుండ చుట్టూ వెతికింది. అయితే కుండలోనూ రెండు కొసలు లేవు కదా అని కూడా ఆ అమ్మాయే అడిగింది. నిజమే. అది విడిది మాత్రమే. కొన్ని వారాల్లో కొన్నిసార్లు విషం తీసి, పామును మళ్లీ అడవిలో వదిలేస్తారు.

ఇప్పుడు మేం ఏ ఊరికి బదిలీ అయినా మొదటి వారంలోనే అక్కడి అటవీశాఖ నంబరు కనుక్కుని స్టాఫ్ రూములో గోడకు అంటిస్తాం. దాని కింద ఎర్ర సిరాతో ఇంకో ముక్క రాస్తాం: డబ్బా కిటికీలో పెట్టవద్దు, నీడలో పెట్టాలి.