ఏడ్చేవాళ్ల దగ్గర

ప్రియమైన బిడ్డకు,

ఉపవాస ప్రార్థనలో చుట్టూ అందరూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే నీకు ఒక్క చుక్క కూడా రాలేదని, ఇలాంటివాడు సేవకు పనికొస్తాడా అని రాశావు. పనికొస్తావు. కానీ నీ భయంలో ఒక ప్రమాదముంది. కన్నీళ్లతోనే భక్తిని కొలవాలనుకుంటే, రేపు మైకు చేతికొచ్చినప్పుడు వాటిని జనం దగ్గర పిండుకోవడం మొదలుపెడతావు. వెనక కీబోర్డు సన్నగా వాయిస్తూ, చనిపోయిన తల్లిని గుర్తుచేస్తే ఎవరైనా ఏడుస్తారు. దానికి పరిశుద్ధాత్మ పేరు పెట్టకు.

మొదటి సమూయేలు మొదటి అధ్యాయం మళ్లీ చదువు. షిలోహు మందిరంలో పిల్లల్లేని హన్నా ఏడుస్తూ పెదవులు మాత్రమే కదిలిస్తుంటే, తాగి వచ్చిందనుకున్నాడు ఏలీ. యాజకుడై ఉండి కూడా గడప దగ్గరి దుఃఖాన్ని గుర్తుపట్టలేకపోయాడు. హన్నా మాత్రం ఇంకా బిడ్డ కడుపున పడకముందే లేచివెళ్లి అన్నం తిన్నది, ముఖం తేటపడింది. తర్వాత మొక్కుకున్న మాట ప్రకారం కొడుకును దేవునికి అప్పగించింది. కన్నీళ్ల నిజం ఆ తర్వాతి నడకలో తెలుస్తుంది. యేసును ఎరగనన్న పేతురు ఏడ్చాడు, మారాడు. ఏశావూ ఏడ్చాడు, కానీ చేజారిన దీవెన కోసం.

కన్నీళ్ల గురించి ఒక పాత సన్యాసి మాట కూడా చెప్తాను. మంచిర్యాల కేంద్రంగా 1999లో ఏర్పడిన ఆదిలాబాద్ సీరో మలబార్ మేత్రాసనం గురించి నీకు తెలుసు. వాళ్ల ఆరాధన తూర్పు సిరియా సంప్రదాయానిది. ఆ సంప్రదాయంలోనే 7వ శతాబ్దంలో ఇసాకు అనే సన్యాసి ఉండేవాడు. ఆయన పుట్టింది బేత్ ఖత్రాయేలో, అంటే నేటి ఖతర్ ప్రాంతంలో. నీనెవెకు బిషప్ అయి, అయిదు నెలలకే ఆ పదవి వదిలి కొండల్లోకి వెళ్లిపోయాడు. ప్రార్థనలో వచ్చే కన్నీళ్ల గురించి అంత లోతుగా రాసినవాళ్లు తక్కువ. దయగల గుండె మనుషుల కోసమే కాదు, పక్షుల కోసం, జంతువుల కోసం, చివరికి దయ్యాల కోసం కూడా ఏడుస్తుందంటాడు. నాకు ఆయన రాతల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మన ప్రార్థనల్లో ఎక్కువ కన్నీళ్లు మన కోసమే కారుతాయి కదా! నీకు రాకపోతే బలవంతం చెయ్యకు, పొడి కళ్లతోనే ప్రార్థించు. కన్నీళ్లు దేవుడిచ్చే వరం, నీ కష్టానికి కూలి కాదు.

ఆ ఖతర్‌కే మన జగిత్యాల, సిరిసిల్ల పిల్లలు కూలికి పోతున్నారు. ఒక్కోసారి మనిషి పెట్టెలో తిరిగొస్తాడు. అలాంటి ఇంటికి నిన్ను పిలుస్తారు. అక్కడ అవ్వ కొడుకు గుణాలన్నీ వరసపెట్టి చెప్పుకుంటూ శోకం పెడుతుంది. విశ్వాసులు ఇట్లా ఏడవకూడదని కొందరు పెద్దలు ఆపుతారు. నువ్వు ఆపకు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతున్నానని యేసుకు తెలుసు, అయినా అతని తోబుట్టువు మరియ ఏడుపు చూసి ఆయనా కన్నీళ్లు విడిచాడు. కాబట్టి బైబిలు చంకలోనే ఉంచుకొని కింద కూర్చో. ఆమె శోకం అయిపోయేదాకా కూర్చో. వాక్యం తర్వాత చదవొచ్చు.

సమాధి కార్యక్రమం అయ్యాక మళ్లీ వెళ్లు. అప్పు ఎవరి దగ్గరుందో అడుగు. అబ్బాయికి ప్రవాసీ భారతీయ బీమా ఉందేమో, గడువు దాటలేదేమో కాగితాలు చూడు. ప్రమాదంలో పోయి ఉంటే 10 లక్షల రూపాయలు వస్తాయి. చాలామంది తల్లులకు ఆ సంగతి తెలియదు. దరఖాస్తు నువ్వే రాసిపెట్టు.

ఇట్లు,
నీ పెద్దబాపు