జెర్రిపోతు

పొలముగట్టున పాము కనబడినంతనే కఱ్ఱను వెదకుట మన గ్రామములలో వాడుక. అట్లు చచ్చువానిలో జెర్రిపోతులు పెక్కు. దీనికి విషము లేదు. ఎలుకలను దిని పంటను గాచును. అయినను ఇది నాగుపామునకు మగడను నమ్మకము మనలో పాతుకొనియున్నది. అది నిజమగునా యని విచారింతము.

పాములను పెట్టెలలో పెంచి పరిశీలించినచో సందేహము తీరును. జెర్రిపోతులలోనే మగవియు ఆడవియు గలవు. మగదాని తోకమొదలు లావుగా నుండును. ఈ రెండును జతకూడినపిమ్మట ఆడది ఇంచుమించు 10 గ్రుడ్లు పెట్టును. వానిని తడియారని చోట, పెట్టినవి పెట్టినట్లే కదలింపక యుంచవలెను. త్రిప్పినచో లోని పిండము చెడవచ్చును. సుమారు 2 నెలలకు పిల్ల తన మూతికొన నున్న చిన్నపంటితో తోలువంటి పెంకును చీల్చుకొని వెలువడును. అది అడుగునకు మించిన పొడవుండి, చిన్న కప్పలను దినును. ఆ పిల్లలలో పడగగలది యొక్కటియు నుండదు.

మఱి రెండు పాములు పెనవేసుకొని లేచుట పెద్దలు చూచియున్నారు గదా యందురేమో. అవి సాధారణముగా రెండును మగ జెర్రిపోతులే. అది పెండ్లి కాదు, మల్లయుద్ధము. ఒకదాని తలను మఱియొకటి నేలకు వంచజూచును, ఓడినది తొలగిపోవును.

ఇక గుర్తులు. రంగును నమ్మరాదు, రెండు జాతులలోను పసుపు, గోధుమ, నలుపు వన్నెలు గలవు. జెర్రిపోతు కన్ను పెద్దది, మెడ తలకంటె సన్నము, తోక మిక్కిలి పొడవు. పెదవిపొలుసుల యంచులందు నల్లనిగీట లుండును. బెదరినచో మెడను నిలువుగా నుబ్బించి గుఱ్ఱుమనును, పడగ విప్పదు. అయితే నాగుపామును ఎల్లప్పుడు పడగ విప్పియుండదు. కావున పడగ లేదని చేయి చాపుట ప్రాణాపాయము. విద్యార్థులారా, ఈ గుర్తులు దూరమునుండి చూచుటకే గాని పట్టుకొనుటకు గాదు.

1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే ఈ పామునకు రక్షణ గలదు. దీనిని చంపుటయు, అనుమతి లేక పట్టి పెంచుటయు నేరములు. చూడగోరువారు చెన్నపురి గిండీలోని సర్పోద్యానమునకు పోవచ్చును.

తెలియనిదానికి భయపడుట సహజము. తెలిసికొన్న పిదపను చంపుట తగదు. సృష్టికర్త మన పొలమునకు నియమించిన ఈ కావలివానికి ఇకనైనను దారి విడుతము.