కాలువలో పడ్డ కారు, కదలని క్లెయిము

రాజమండ్రి



మీ అమ్మ అంతా చెప్పింది. కారు కాలువలో పడినా నీకు చిన్న దెబ్బయినా తగల్లేదు, అదే పదివేలు. అయితే రోజూ బీమా కాల్‌సెంటరుకి ఫోను చేసి అక్కడి పిల్లల మీద అరుస్తున్నావట. వాళ్ల చేతిలో ఏముందిరా? నువ్వెంత గొంతు చించుకున్నా తెర మీద కనబడే ‘పరిశీలనలో ఉంది’ అన్న ముక్కే వాళ్లు చదువుతారు. రేపు ఇంకొకరు ఎత్తుతారు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఫోను కట్టిపెట్టి మెయిలు రాయి. క్లెయిము నంబరు, కబురు పెట్టిన తేదీ, సర్వేయరు షెడ్డుకొచ్చి చూసిన తేదీ వరసగా వెయ్యి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గడువులు బిగించింది. కబురందిన 24 గంటల్లో సర్వేయరుని వెయ్యాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టివ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటు మీద 2 శాతం కలిపి వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ మాట మెయిల్లో తప్పకుండా రాయి. సర్వే రిపోర్టు నకలు కూడా అడుగు. నేను సర్వేయరుగా తిరిగిన రోజుల్లో చాలామంది ఇది అడిగేవారే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. కారు నీళ్లలో ఉండగా గానీ, క్రేనుతో పైకి లాగాక గానీ తాళం తిప్పి స్టార్టు చేశావా? నిజం చెప్పు. సిలిండర్లలో నీరుండగా ఇంజను తిప్పితే పిస్టను నీటిని అదమలేదు, కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. కాలువలో పడటం వల్ల కాదు, స్టార్టు చెయ్యడం వల్ల పాడైందంటారు కంపెనీవాళ్లు. మామూలు పాలసీలో దానికి డబ్బు రావడం కష్టం. ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా ప్రీమియం కట్టి ఉంటే వేరు. కట్టావో లేదో పాలసీ తీసి చూడు. మన కోనసీమలో రోడ్ల పక్కనే కాలువలు, అయినా ఆ కాస్త ప్రీమియం దగ్గరే అందరం బేరాలాడతాం! స్టార్టు చెయ్యకపోతే మాత్రం గట్టిగా నిలబడు, షెడ్డువాడి చేత ఆ మాట రాయించుకో. చేసి చెయ్యలేదనకు. ఇంజను విప్పితే రాడ్డే చెప్పేస్తుంది. అప్పుడు బాడీకి రావాల్సింది కూడా అనుమానంలో పడుతుంది. ప్లాస్టిక్, రబ్బరు సామానుకి సగమే ఇచ్చారంటే అది మోసం కాదు. జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు తీసుకోకపోతే తరుగు అంతే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బళ్లు మునిగితే ముఖ్యమంత్రే బీమా కంపెనీలని పిలిచి త్వరగా తేల్చమన్నారు. ఒంటరిగా కాలువలో పడ్డ నీ కారుకి ఏ ముఖ్యమంత్రీ రాడు.

మెయిలుకీ కదలిక లేకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి పెట్టు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వాళ్ల తీర్పు కంపెనీని కట్టేస్తుంది గానీ నిన్ను కట్టెయ్యదు, నచ్చకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. ముందే కమిషన్‌కి వెళ్తే మాత్రం అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుంటుంది. మీ అత్తారి యానాం కూడా ఆ హైదరాబాదు ఆఫీసు కిందకే వస్తుంది, మీ బావమరిదికి చెప్పు.

మెయిలు పంపేముందు ఒకసారి నాకు చూపించు. తిట్లుంటే తీసేస్తాను.

మీ మామయ్య