కష్టకాలంలో చేతికందే డబ్బు

ఈమధ్య ఏ పేరంటానికెళ్లినా ఒకటే మాట చెల్లెమ్మలూ: "ఉద్యోగాలు పోతున్నాయట, మనమేం చేయాలక్కా?" సలహాలిచ్చేంత ఘనురాలిని కాను గానీ, గడిచిన గడ్డురోజుల్ని తిరగేస్తే ఒకటి కనిపిస్తుంది. అప్పుడు అవస్థపడ్డవాళ్లలో డబ్బు లేనివాళ్లు ఎంతమందో, డబ్బుండీ అవసరానికి అందనివాళ్లూ అంతమంది.

2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మూతపడింది, గుర్తుందా? ఆ తర్వాత చార్మినార్ కోఆపరేటివ్ బ్యాంకూ అదే దారి పట్టింది. వడ్డీ ఓ పిసరు ఎక్కువొస్తుందని రిటైర్మెంటు డబ్బు, పిల్ల పెళ్లికని దాచింది అంతా ఒక్కచోటే వేసినవాళ్లు పాస్‌పుస్తకం పట్టుకుని షట్టరు ముందు నిలబడాల్సి వచ్చింది. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలకే. 2020 ఫిబ్రవరి నుంచి అది 5 లక్షలయింది. మెలిక ఎక్కడంటే, ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు. అమీర్‌పేట బ్రాంచిలో నాలుగు లక్షలు, దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో నాలుగు లక్షలు వేసి "విడివిడిగానే పెట్టానక్కా" అంటే కుదరదు, బ్యాంకు ఒకటే కదా! ఊళ్లో వ్యవసాయ సొసైటీలో వేసిన డబ్బుకీ, నగల కొట్లో నెలనెలా కట్టే స్కీముకీ అసలు ఈ బీమాయే లేదు. అర శాతం వడ్డీ ఎక్కువిస్తామన్నవాళ్లని ముందు ఈ సంగతి అడగండి.

పోపుల డబ్బా బ్యాంకు మాత్రం మన చేతిలోదే కదా అంటారా? 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దనగానే దాని గుట్టూ రట్టయింది. జీలకర్ర కింద నాలుగు మడతలు పెట్టి దాచిన ఐదొందల నోట్లు మొగుడి చేతిలో పెట్టి "ఎక్కడివే ఇవి?" అనిపించుకున్నవాళ్లు మనలో తక్కువా? దాచడం మానేయమని కాదు, మీ పేరున ఓ సేవింగ్స్ ఖాతా తెరిచి అందులో దాచుకోండి.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది 2020లో కరోనా వేళ అప్పుల కిస్తీల మీద ఇచ్చిన మారటోరియం. ఆరు నెలలు కిస్తీ కట్టక్కర్లేదనగానే కొందరు పండగ చేసుకున్నారు. లెక్క చూడండి. 8 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో తీసుకున్న 20 లక్షల ఇంటి అప్పు, కిస్తీ సుమారు 16,700. మొదట్లోనే ఆరు నెలలు ఆపితే వడ్డీయే 80 వేల పైచిలుకు అసలులో కలుస్తుంది. కిస్తీ పెంచకపోతే ఆ అప్పు తీరడానికి దాదాపు ఇరవయ్యారు కిస్తీలు అదనం! వడ్డీ మీద వడ్డీ ప్రభుత్వం తిరిగిచ్చిందిగా అంటే, ఈ అప్పుకి అది పదమూడు వందల చిల్లర. జీతం ఆగిపోయిన ఇంటికి మారటోరియం ప్రాణం పోసింది, కాదనను. జీతం వస్తుండగా పక్కింటివాళ్లని చూసి ఆపినవాళ్ల గురించే నా బాధ.

ఎంత కట్టాలన్నదే కాదు, ఎప్పుడు కట్టాలన్నదీ చూసుకోవాలి. మైక్రోఫైనాన్స్ అప్పులు అలాగే మెడకు చుట్టుకున్నాయి. కూలి డబ్బు పనులున్నప్పుడే వస్తుంది, కిస్తీ మాత్రం వారం వారం. ఒకరికి కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు. చివరికి 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, కిస్తీలు నెలకోసారే వసూలు చేయాలంది.

ఇంతకీ చేతికందేలా ఎలా ఉంచుకోవాలి? మూడు లక్షలుంటే ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయకుండా యాభై వేల చొప్పున ఆరు చేయండి. ఆపదొస్తే ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది, మిగతా ఐదింటి వడ్డీకి ఢోకా లేదు. ఇల్లు నడిపే ఖాతాను ఆలుమగలిద్దరి పేర్లా, ఎవరైనా డబ్బు తీసుకునేలా పెట్టించుకోండి. "మావారి ఫోన్ పిన్ నాకు తెలుసులే అక్కా" అంటారేమో! ఆ సిమ్ము ఎవరి పేరున ఉందో, ఆయన ఆస్పత్రిలో ఉంటే ఆ ఫోను ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఓసారి చూసుకోండి.