రాలిన పిందె

తీరాంధ్రులు 'బత్తాయి' అని పిలిచే పండును రాయలసీమవాసులు 'చీనీకాయ' అంటారు. ఆ పేరులోనే దాని పుట్టినిల్లు దాగి ఉంది. పంపరపనస, కమలా జాతుల కలయికతో ఈ తీపి నారింజ దక్షిణ చైనా ప్రాంతంలో పుట్టిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. డచ్చివారి భాషలోనూ దీని పేరుకు 'చైనా ఆపిల్' అనే అర్థం.

చిలమత్తూరు కర్ణాటక సరిహద్దున, లేపాక్షికి చేరువలో ఉన్న మెట్టసీమ. ఒకనాటి అనంతపురం జిల్లాలోని ఈ మండలం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందుతున్నది. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ఆ జిల్లా చీనీ తోటలకు పేరుగాంచింది. మొక్క నాటిన తరువాత కాపు కోసం నాలుగైదేళ్లు ఎదురుచూడాలి. ఆ తరువాత ఒక్క వేసవిలో బోరు ఎండినా, వడగాలి వీచినా పిందెలు నేల రాలుతాయి. పిందెతోపాటు రైతు ఆశ కూడా రాలుతుంది.

విచిత్రమేమంటే, రైతుకు నష్టమైన ఆ పిందెయే చైనా సంప్రదాయ వైద్యంలో ఔషధం. దానిని 'ఝిషి' అంటారు. పుల్ల నారింజ లేదా తీపి నారింజ చెట్ల కింద మే, జూన్ నెలలలో రాలిన లేత పిందెలను ఏరి, పెద్దవాటిని అడ్డంగా రెండు చెక్కలుగా కోసి ఎండబెడతారు. అజీర్ణం, కడుపుబ్బరం, మలబద్ధకం వంటి బాధలకు ఇతర మూలికలతో కలిపి కషాయంగా ఇస్తారు. పండిన కమలా తొక్కను ఎండబెట్టి నిల్వచేసినది 'చెన్‌పి'. ఆ మాటకు 'పాత తొక్క' అని అర్థం. మన ఆయుర్వేదమూ మాదీఫలాన్ని 'మాతులుంగం' అనే పేరుతో ఔషధంగా స్వీకరించింది.

అయితే రాలిన పిందెను ఎవరికి వారే మందుగా వాడరాదు. అందులో సైనెఫ్రిన్ అనే పదార్థం ఉంది. అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచవచ్చు. 2004లో అమెరికా ప్రభుత్వం ఎఫెడ్రా కలిసిన ఆహార అనుబంధకాలను నిషేధించగా, బరువు తగ్గించే మాత్రల తయారీదారులు దానికి బదులు పుల్ల నారింజ సారాన్ని వాడసాగారు. వైద్యుడు కొలిచి ఇచ్చినది ఔషధం. కొలత తప్పినది అపాయం. పైగా తోటలో చల్లిన పురుగుమందు పిందెపై మిగిలి ఉండవచ్చు.

నేల ఒక్కటే కాదు, చెట్టు ఒక్కటే. ఒకచోట పిందెను ఎప్పుడు ఏరాలో, ఎట్లా ఎండబెట్టాలో తరతరాల అనుభవం నేర్పింది. మరొకచోట దానిని కొమ్మపైనే నిలుపుకోవడం ఎట్లాగో కరవు నేర్పుతున్నది. బిందుసేద్యంతో వేరుకు తడి అందించడం, పాదులో ఎండుటాకులు కప్పి తేమను కాపాడడం ఆ పాఠంలోనివే. చీనీ చెట్టుకు తొలి ఔషధం నీరే.

అర్థాలు
మెట్టసీమ = వర్షాధారమైన ఎత్తు నేల
కషాయం = మూలికలు కాచిన నీరు
బిందుసేద్యం = చుక్కలు చుక్కలుగా నీరందించే సాగు

ప్రశ్నలు
1. 'చీనీకాయ' అనే పేరు ఏమి తెలుపుతున్నది?
2. రాలిన పిందె ఎట్లా ఔషధమవుతుందో, ఎప్పుడు అపాయమవుతుందో వివరించండి.
3. 'చీనీ చెట్టుకు తొలి ఔషధం నీరే' – సమర్థించండి.