జెండా ఊపడం నేర్చుకున్నాను

మోటార్ క్లబ్‌లో మార్షల్‌గా వెళ్తున్నానని చెప్పగానే అమ్మ అడిగింది: "అసెంబ్లీలో ఎమ్మెల్యేలను ఎత్తుకెళ్లి బయట పెడతారే, వాళ్లా?"

వాళ్లు కాదు. రేసు ట్రాక్ పక్కన జెండాలు పట్టుకునేవాళ్లు, మంటలు ఆర్పేవాళ్లు, ఆగిపోయిన కారుని పక్కకి తోసేవాళ్లు, విరిగిన ముక్కలు ఊడ్చేవాళ్లు, వీళ్లందర్నీ మార్షల్స్ అంటారు. ఫార్ములా వన్‌లో కూడా వీళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోని వాలంటీర్లే. "మరి డబ్బులివ్వరా?" అన్నది అమ్మ రెండో ప్రశ్న. మధ్యాహ్నం పెరుగన్నం పాకెట్ ఇస్తారని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా? నేనప్పుడు ఇంటర్. టీవీలో చూస్తుంటే కార్ల కన్నా గోడ వెనకాల నిలబడ్డవాళ్ల మీదకే నా చూపు పోయింది. అందరికన్నా దగ్గర్నుంచి ఫ్రీగా రేసు చూస్తున్నారు కదా అని అసూయ. ఇప్పుడు తెలిసిందేమిటంటే, మార్షల్ రేసు చూడడు. తన ముందున్న కొన్ని మీటర్ల రోడ్డు మాత్రమే చూస్తాడు. ఎవరు గెలిచారో సాయంత్రం వేరేవాళ్లని అడిగి తెలుసుకోవాలి.

నేను వెళ్లింది చిన్న ఈవెంట్‌కి. ఊరి బయట మట్టి మైదానంలో ఆటోక్రాస్. కోన్లు పెట్టి దారి గీస్తారు, ఎవరు తక్కువ టైంలో తిరిగొస్తే వాళ్లు గెలిచినట్టు. పొద్దున ఆరింటికి బ్రీఫింగ్. మా పోస్ట్‌కి పెద్ద ఒక అన్న, కార్ల మెకానిక్, చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాడు. నన్ను చూడగానే మొదట అన్నమాట, "ఆ చొక్కా ఇప్పెయ్." నేను వేసుకున్నది పసుపు టీషర్ట్. వేగంగా వచ్చే డ్రైవర్‌కి పసుపు రంగు కనిపిస్తే అది చొక్కానా జెండానా అని ఆలోచించే టైం ఉండదు. అందుకే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ పైబట్టలు వేసుకోకూడదు. నైలాన్ కూడా వద్దు, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. కాటన్ మంచిది. ఫోన్ జేబులోంచి తీయకూడదు, ఫొటోలు వద్దు, చప్పట్లు వద్దు.

ఇక జెండాలు. మా ఆటోక్రాస్‌లో వాడింది పసుపు, ఎరుపు మాత్రమే. కానీ పెద్ద ట్రాక్‌కి వెళ్తే పనికొస్తాయని అన్న అన్నీ చెప్పాడు. మన కోడ్‌లో ఫ్లాగ్ అంటే ట్రూ లేదా ఫాల్స్, అంతే. ఇక్కడ అలా కాదు. ఒక పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించు, ఓవర్‌టేక్ చేయకు అని. రెండు ఊపితే దారి మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ట్రాక్ మీద మనుషులు పని చేస్తున్నారు, ఆగడానికి కూడా సిద్ధంగా ఉండు అని. పసుపు మీద ఎర్ర చారలుంటే నూనో నీళ్లో పడి రోడ్డు జారుతోందని. నీలం అంటే వెనక నీకన్నా వేగమైన కారు వస్తోంది. ఆకుపచ్చ అంటే దారి మళ్లీ బాగుంది. ఎరుపు అంటే అంతా ఆపేయడం, దాన్ని పోస్ట్‌లో ఉన్నవాళ్లు సొంతంగా చూపించకూడదు, పైనుంచి ఆర్డర్ రావాలి. (మా ఆటోక్రాస్‌లో మాత్రం పోస్ట్‌కే ఆ అధికారం ఇచ్చారు.)

వీటన్నిటికన్నా నాకు బాగా నచ్చింది ఇద్దరు నిలబడే పద్ధతి. నీలం జెండా మనిషి వచ్చే కార్ల వైపు చూస్తాడు. పసుపు జెండా మనిషి కార్లు వెళ్లే వైపు, అంటే ప్రమాదం జరగబోయే చోటు చూస్తాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు కాబట్టి ఒకడి వీపు ఇంకొకడికి కనపడుతుంది. పసుపు మనిషి వెనకనుంచి కారు అదుపు తప్పి వస్తే అతనికి తెలీదు. నీలం మనిషి అరవాలి, ఇతను ఎటు అని అడగకుండా దూకాలి.

పదకొండు దాటాక నేను చేసిన పని ఇది. ఒక కారు మలుపులో కోన్‌ని కొట్టేసింది. అది దొర్లి సరిగ్గా దారి మధ్యలో పడింది. తర్వాతి కారు దాన్ని గుద్దితే వాళ్ల టైం పాడవుతుందని పరిగెత్తాను. ముందు కారు మూడొంతుల్లో రెండొంతులు తిరగ్గానే వెనక కారుని వదులుతున్నారన్న సంగతి బ్రీఫింగ్‌లో విన్నాను, తలూపాను కూడా. కోన్ ఎత్తుతున్నప్పుడు విజిల్ వినిపించింది. తలెత్తితే దుమ్ములోంచి బానెట్. అన్న ఎర్ర జెండా ఊపుతున్నాడు, డ్రైవర్ బ్రేక్ తొక్కాడు, కారు పక్కకి జారి ఆగింది. మా మధ్య దూరం మా క్లాస్‌రూమ్ పొడవంత కూడా లేదు.

అన్న తిట్టలేదు. కోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. "కోను పోతే ఇంకోటి కొంటం తమ్మీ. నిన్నేడ కొనాలె?"

లంచ్‌లో ఆయన క్యాలామి గురించి చెప్పాడు, ఇంటికొచ్చి వివరాలు చదివాను. 1977 మార్చి 5, దక్షిణాఫ్రికా గ్రాండ్ ప్రి. రెంజో జోర్జి కారు ట్రాక్ పక్కన ఆగిపోయింది, చిన్న మంట. డ్రైవర్ దిగిపోతున్నాడు. అవతలి వైపునుంచి ఇద్దరు మార్షల్స్ ట్రాక్ దాటి పరిగెత్తారు. అక్కడ రోడ్డు కాస్త ఎత్తెక్కి దిగుతుంది, వెనక వస్తున్న కార్లకి వీళ్లు కనపడలేదు. మొదటివాడు దాటాడు. రెండోవాడు ఫ్రెడెరిక్ యాన్సెన్ ఫాన్ వ్యూరెన్, చేతిలో సుమారు 18 కిలోల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. టామ్ ప్రైస్ కారు గంటకి దాదాపు 270 కిలోమీటర్ల వేగంతో అతన్ని గుద్దింది. ఎక్స్‌టింగ్విషర్ ప్రైస్ తలకి తగిలింది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ఫాన్ వ్యూరెన్ వయసు 19.

నా వయసే. అతనూ మంచి పనే చేయబోయాడు, నాలాగే. అతని చేతిలో సిలిండర్, నా చేతిలో ప్లాస్టిక్ కోన్. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఈ పత్రిక లింకు అమ్మకి పంపే ఉద్దేశమూ లేదు.

జెండా సరిగ్గా ఊపినా సరిపోని రోజులూ ఉన్నాయి. 2014లో సుజుకాలో వాన. ఆగిన కారుని తీయడానికి క్రేన్ బండి లోపలికొచ్చింది, రెండు పసుపు జెండాలూ ఊపుతున్నారు. అయినా జూల్స్ బియాంకి కారు జారి ఆ బండిని గుద్దింది. తొమ్మిది నెలల తర్వాత అతను చనిపోయాడు. "వేగం తగ్గించు" అంటే ఎంత తగ్గించాలో డ్రైవర్‌కే వదిలేయకూడదని 2015 నుంచి వర్చువల్ సేఫ్టీ కార్ పెట్టారు, అంటే అందరూ ఒకే లెక్క ప్రకారం నెమ్మదించాలి. రూల్ బుక్‌లో చాలా లైన్ల వెనక ఇలాంటి ఒక రోజు ఉంటుందని అన్న అంటాడు.

ఎవరికైనా ఆసక్తి ఉంటే: మన దేశంలో ఈ ఆటకి పెద్ద దిక్కు ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. దాని కింద ఉన్న మీ దగ్గరి క్లబ్‌ని అడగండి. మా క్లబ్‌లో 18 నిండాలి. కారు నడపడం రాకపోయినా పర్లేదు, నాకూ రాదు. టోపీ, రెండు లీటర్ల నీళ్లు, మూసి ఉండే బూట్లు, దుమ్ముకి ఒక కర్చీఫ్.

మధ్యాహ్నం అన్న నన్ను ఇంటికి పంపేస్తాడనుకున్నాను. పంపలేదు. పసుపు జెండా నా చేతికిచ్చి, తను నాకెదురుగా నిలబడ్డాడు. సాయంత్రం దాకా నా వెనక వైపే చూస్తూ ఉన్నాడు.